కుట్టుమిషన్ ఆపి బొమ్మలు చూడబోయినా

తిరపతిలో పుట్టి పెరిగినోళ్లకి చూడడం అంటే ఒక్క రకమే తెలుసు. లైన్లో నిలబడు, గంటలు గంటలు నిలబడు, తీరా ముందరికి పోయినాక ఒక్క క్షణం, అంతలోకే 'జరగండమ్మా జరగండి' అని భుజం పట్టి పక్కకి పంపించేస్తారు, బయటికొచ్చి లడ్డు చేతికొచ్చినాక అబ్బా ఏం దర్శనం అనుకుంటాం. నేనేం తప్పు పట్టడం లేదు, అంతమంది జనానికి ఇంకెట్లా కుదురుతాది. కానీ ఆ అలవాటు కండ్లకి ఎంత బాగా పట్టేసిందో నాకు ఒక పెయింటింగ్ ముందర నిలబడినప్పుడే తెలిసింది, ఎవరూ జరగమనకపోయినా నా అంతట నేనే జరిగిపోతా ఉన్నా, వెనకాల ఎవరో తోస్తా ఉన్నట్టే.

నాది బైరాగిపట్టెడలో చిన్న టైలరింగ్ షాపు. బ్లౌజులు, డ్రెస్సులు, ఫాల్ వేయడం, పెండ్లి సీజన్లో మగ్గం వర్క్ బయట మనుషులకిచ్చి చేయిస్తా. ఆర్ట్ గ్యాలరీ అనే మాట సినిమాల్లో విన్నదే. రాజమండ్రిలో దామెర్ల రామారావు గ్యాలరీ ఉందని, హైదరాబాదులో సాలార్‌జంగ్ ఉందని తెలుసు, మన ఊర్లో గ్యాలరీ యాడుందక్కా అని ఎవరన్నా అడిగితే మాత్రం ఇదిగో ఈ బిల్డింగు అని వేలు పెట్టి చూపించేటట్టు నాకేమీ తోచదు. మా తమ్ముని కూతురు కడపలో ఫైన్ ఆర్ట్స్ చదువుతా ఉంది, ఆ పిల్ల పుణ్యాన ఇదంతా మొదలైంది. "అత్తా, మా బ్యాచ్ వాళ్లం, సీనియర్లు కొంతమంది కలిసి తిరపతిలో షో పెడతా ఉండాం, నువ్వు రాకపోతే నీతో మాట్లాడేదే లేదు" అని ఫోన్లో బెదిరించింది. సీజన్ లేని రోజులు కాబట్టి షాపు మధ్యాన్నం మూసేసి పోయినా.

అది ఒక కమర్షియల్ బిల్డింగులో పైన ఏసీ హాలు. మెట్లెక్కతానే నేను ఫస్ట్ వెతికింది చెప్పుల స్టాండు, అది లేదు, చెప్పులతోనే లోపలికి పోవచ్చంట. తలుపు దగ్గర టేబుల్ వేసుకుని కూర్చున్న ఒకాయన నన్ను కిందికీ పైకీ చూసి "అమ్మా, శారీస్ ఎగ్జిబిషన్ పక్క హాల్లో" అన్నాడు. ఒళ్లు మండింది. నా కోడలి బొమ్మ ఉంది లోపల అని చెప్పి ఆయన సమాధానం కోసం ఆగకుండా పోయినా. ఇది ఎందుకు చెప్తా ఉన్నానంటే, చానామంది ఆడోళ్లు ఈ ఒక్క మాటకే వెనక్కి తిరిగి వచ్చేస్తారు, చదువుకోనోళ్లకి ఇంగ్లీషు రానోళ్లకి అది మనది కాదనిపిస్తాది. టికెట్ లేదు, ఎవరూ కొనమని అడగరు, తలుపు తీసే ఉంటాది, పోవచ్చు. అంతే.

లోపల ఒకటే నిశ్శబ్దం, తెల్ల గోడలు, ఒక్కో బొమ్మ మీద ఒక్కో లైటు. ప్రతి బొమ్మ పక్కన చిన్న అట్టముక్క అంటించి ఉంది, అన్నీ ఇంగ్లీషులోనే, తిరపతిలో షో పెట్టి తెలుగులో ఒక్క ముక్క రాయకపోవడం నాకిప్పటికీ నచ్చలేదు, కోడలితో కూడా అదే చెప్పినా. ఆ అట్టముక్క చదవడం ఆ పిల్లే నేర్పింది. ముందర గీసినోళ్ల పేరు, తరవాత బొమ్మ పేరు, ఏ సంవత్సరం, దేనిమీద దేనితో గీసినారు, ఎంత సైజు. ఆక్రిలిక్ ఆన్ కాన్వాస్ అంటే కాన్వాస్ గుడ్డ మీద ఆక్రిలిక్ రంగులని, మిక్స్‌డ్ మీడియా అంటే రెండు మూడు రకాలు కలిపి చేసినారని. కొన్నింటికి అన్‌టైటిల్డ్ అని ఉంది, పేరు పెట్టలేదని చెప్పడానికి కూడా ఒక పేరు. పక్కన ఎర్ర చుక్క స్టిక్కర్ ఉంటే అది అమ్ముడుపోయిందని. ఒక నల్ల బొమ్మ కింద పెన్సిలుతో 3/10 అని రాసుంటే మార్కులేమో అనుకున్నా, పాపం పదికి మూడే వేసినారే అని. అది లినోకట్ అంట, లినోలియం షీటు మీద ఉలితో చెక్కి, ఇంకు పూసి కాగితం మీద అద్దుతారు, మొత్తం పది తీసినారు అందులో ఇది మూడోది అని లెక్క. చెక్కేటప్పుడు కుడి ఎడమ తిరగేసి చెక్కాల, లేకపోతే అక్షరాలు ఉల్టా వస్తాయి.

ఇక చూడడం దగ్గరికొస్తే, నాకు అసలు ఏం చూడాలో తెలియలేదు. వరసగా ఒక్కోదాని ముందర రెండు సెకన్లు నిలబడి మొత్తం హాలు చుట్టేసి మా కోడలి దగ్గరికి వచ్చేసినా. "అయిపోయిందా అత్తా?" అని నవ్వింది. "అర్థం కాలేదు పాపా" అన్నా. "అర్థం సంగతి వదిలెయ్, నీకు అసలు నచ్చనిది ఏదో చెప్పు" అనింది. అది మంచి ప్రశ్న, నచ్చనిది చెప్పమంటే మనకి నోరు బాగా వస్తాది. ఒక పెద్ద బొమ్మ చూపించినా. కల్యాణకట్టలో కత్తిరించిన జుట్టు కుప్పలు కుప్పలు, నేలంతా తడి, మూలలో ఒక బకెట్. మనుషులే లేరు. తలనీలాలు అంటే మనకి మొక్కు, ఇట్లా కుప్ప వేసి చూపిస్తే చూడబుద్ధి కాలేదు. "సరే, అయితే దానికాడే నిలబడుదాం పా" అని చెయ్యి పట్టుకుని తీసకపోయింది.

నిలబడినా. ఫస్ట్ కొంచెంసేపు కాళ్లే నొప్పి. తరవాత దగ్గరికి పోయి చూస్తే జుట్టు లేనే లేదు. గట్టిగా, మందంగా రంగు గట్లు గట్లుగా పెట్టి ఉంది, దువ్వెనతో గీకినట్టు గీతలు. నాలుగడుగులు వెనక్కొస్తే మళ్లీ జుట్టు. ఇంకోసారి ముందరికి పోయినా. నల్ల రంగు అనుకున్నది నల్లది కాదు, ముదురు నీలం, గోధుమ రంగు, అక్కడక్కడ ఎర్రమట్టి రంగు, ఒకదాని మీద ఒకటి. నల్లగుడ్డ మీద నల్లదారం కుట్టేటప్పుడు ఆ తేడా ఎంత ఏడిపిస్తాదో నాకు తెలుసు, నల్లలో నలభై రకాలు ఉంటాయి, కాబట్టి గీసిన అబ్బాయి ఎంత తిప్పలు పడినాడో అక్కడ పట్టేసినా. తరవాత పక్కనుంచి చూసినా, కాన్వాస్ అంచు. గుడ్డని చెక్క ఫ్రేము మీద లాగి వెనకాల పిన్నులు కొట్టినారు, మూల దగ్గర మడత చాలా నీటుగా ఉంది, ముడత లేదు. ఆ అంచు మీద కింద మొదట వేసిన రంగు కనపడతా ఉంది, ఇటుక రంగు. మొత్తం బొమ్మ కింద ఇటుక రంగు పూసి దాని మీద వేసినాడన్నమాట. బ్లౌజు బాగా కుట్టినారా లేదా అని చూడాలంటే లోపలివైపు తిప్పి చూస్తాం కదా, నాకు ఆ అంచు దగ్గర అట్లా దొరికింది.

గీసిన అబ్బాయి పక్కనే నిలబడుకోని ఉన్నాడు, సన్నగా, గడ్డం పెంచుకోని. వచ్చిన పెద్దమనుషులు అందరూ వాణ్ణి "వాట్ ఈజ్ ద కాన్సెప్ట్" అని అడగడం, వాడు నసగడం. నేను "నాయనా, కింద ఇటుక రంగు వేసినాక ఎంతసేపు ఆరబెట్టినావు" అని అడిగినా. వాడి మొహం చూడాల మీరు. ఆక్రిలిక్ అయితే నిమిషాల్లో ఆరిపోతాదంట, అందుకని దాంట్లోకి ఆరకుండా ఉండేదానికి ఏదో మందు కలుపుకున్నాడంట, ఆయిల్ రంగులైతే రోజుల తరబడి తడిగానే ఉంటాయి, హాస్టల్ రూములో పెట్టుకునేదానికి వీలు కాదని ఆక్రిలిక్ తీసుకున్నాడంట. వాళ్ల నాయన కల్యాణకట్టలో పనిచేస్తాడంట. అది అట్టముక్క మీద లేదు, వాడు ఎవరికీ చెప్పనూ లేదు, రంగు గురించి అడిగితే వచ్చిన మాట. అప్పటినుంచి ఎక్కడికి పోయినా నేను దీని అర్థమేంది అని అడగడం మానేసినా, ఎట్లా చేసినావు అని అడుగుతా. అర్థం కావాల్సినంత అందులోనే వచ్చేస్తాది.

ఆ బొమ్మ రేటు 40 వేలు. నా పక్కన ఇద్దరు ఆడోళ్లు నలభై వేలా అని నోరెళ్లబెట్టినారు. వాళ్లలో ఒకామె చేతికి చుట్టూ మగ్గం వర్క్ ఉన్న బ్లౌజు, నా కంటికి 12 వేలకి తక్కువ ఉండదు, ఒక పెండ్లికి వేసి బీరువాలో పెట్టేదే. నేనేం అనలేదు లెండి, కస్టమర్లు అయ్యే మొహాలు. ఇంకో సంగతి, ముట్టుకోవద్దు అని బోర్డులు పెట్టేది ఊరికే గొప్పకి కాదు, చేతి చెమటకీ నూనెకీ రంగు పాడైపోతాదంట. గుడ్డ కనపడితే వేళ్లతో నలిపి చూడడం నాకు చేతి అలవాటు, రెండు చేతులూ వెనక్కి కట్టుకోని తిరిగినా.

షో అయిపోయినాక మా కోడలు ఊరుకోలేదు, ఇక్కడ చుట్టుపక్కల చూసేవి చానా ఉన్నాయి అత్తా అని ఒక లిస్టు రాసిచ్చింది. అందులో చంద్రగిరి ఉంది. చంద్రగిరి కోటకి చిన్నప్పుడు స్కూల్లో పోయినాం, పచ్చికలో పులిహోర తిని వచ్చినాం, రాజమహల్ లోపల మ్యూజియం ఉందనే గుర్తు కూడా లేదు. ఈసారి మా ఆయన్ని లాక్కపోయినా. ఆయన మేస్త్రీ. "ఏమ్మే, రాళ్లు చూసేదానికి పెట్రోలు దండగ, రాళ్లు నేను దినామూ చూస్తానే ఉండా" అని దారంతా గొణిగినాడు. తీరా లోపలికి పోయినాక ఆయన విగ్రహాలు చూస్తే ఒట్టు, మొత్తం పైకప్పే చూస్తా ఉన్నాడు. మూడంతస్తుల మహలు అది, రాయి, ఇటుక, సున్నంతో కట్టింది, దూలాలకి కూడా కొయ్య వాడలేదంటారు. "కొయ్య లేకుండా, ఇనుము లేకుండా ఇంత స్లాబు ఎట్లా నిలబడిందో చూడు" అని కమాను దగ్గర నిలబడి చేత్తో గాల్లో గీతలు గీస్తా ఉంటే కాపలా ఆయన వచ్చి "సార్, విగ్రహాలు ఇటుపక్క" అన్నాడు. "నువ్వు పో సామీ, నేను చూసేది చూస్తా ఉండా" అని ఈయన.

నాకు అక్కడ బాగా పట్టినవి కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాలు. అవే ముగ్గురి రాగి విగ్రహాలు కొండ మీద గుడిలో, మహాద్వారం దాటతానే కుడిపక్క మండపంలో ఉన్నాయి, 1517లో రాయలవారే పెట్టించుకున్నవి. లెక్కలేనన్ని సార్లు వాటి పక్కనుంచి పోయుంటా, గోవిందా గోవిందా అంటా ఎవరి మోచెయ్యో పక్కటెముకల్లో పొడస్తా ఉంటే ఎవరు చూస్తారు, అక్కడ మన మనసంతా లోపలి సామి మీదే ఉంటాది. చంద్రగిరిలో వాళ్ల ముందర తీరిగ్గా నిలబడినా. పొడుగు టోపీ, జోడించిన చేతులు, ఏడుసార్లు కొండకి వచ్చినాడంటారు కదా ఆయన, రాజులాగా కాకుండా మొక్కుకునే మనిషిలాగా నిలబడి ఉన్నాడు. రాణుల కుచ్చిళ్లు చూసినా చానాసేపు. మనం కట్టే కుచ్చిళ్లు కావు, మధ్యలో విసనకర్రలాగా విచ్చుకోని కిందికి దిగతాయి, అంచు ఎక్కడ మడత పడుతుందో అక్కడ లోహం కూడా మడత పడింది. చుట్టూ ఉన్న రాతి విగ్రహాల్లో అయితే తొడ మీద నాలుగు సన్నగీతలు గీసి వదిలేస్తారు, అంతే, అది గుడ్డ అయిపోతాది. ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి.

ఇంకోమాట, ఇది మా కోడలు చెప్పింది, టైలర్లకి తెలియాల్సింది. విష్ణుమూర్తికి రెండు పక్కలా శ్రీదేవి భూదేవి ఉంటారు కదా, ఎవరు ఎవరని ఎట్లా గుర్తుపట్టాలంటే, శ్రీదేవికి ఎదమీద గుడ్డ పట్టీ కట్టి ఉంటాది, కుచబంధం అంటారంట, భూదేవికి ఉండదు. ఇన్నేండ్లుగా కల్యాణోత్సవాలు చూస్తా ఉన్నా, రవికలు కుట్టి బతికేదాన్ని, నా కంట పడలేదు, పట్టుచీరలు పూలదండల కింద ఎట్లా కనపడతాది లెండి. మ్యూజియంలో అలంకారం ఉండదు కాబట్టి కనపడతాది. అలంకారం లేని దేవుడిని అంతసేపు చూడడం మా అమ్మకి చెప్తే "తప్పు కదమ్మే" అనింది. తప్పో ఒప్పో, నాకైతే దండం పెట్టుకోవాలని అనిపించింది, పెట్టుకున్నా కూడా.

టీటీడీ వాళ్లది సంప్రదాయ శిల్పం నేర్పించే సంస్థ ఒకటి తిరపతిలో ఉంది, 1960 నుంచి ఉంది, రాయి, లోహం, కొయ్య, సుధ అంటే సున్నంతో చేసే బొమ్మలు, పెయింటింగు, కలంకారీ అన్నీ నేర్పిస్తారు. మా కోడలి ఫ్రెండు అక్కడ చదువుతాడు, ఆ అబ్బాయితో మాట్లాడినప్పుడు కొలతల సంగతి అడగకుండా ఉండలేకపోయినా. టేపు ఉండదంట. విగ్రహం మొహం పొడుగు ఒక తాళం, దాన్ని పన్నెండు భాగాలు చేస్తే ఒక్కోటి ఒక అంగుళం, మన ఇంచి కాదు, ఆ విగ్రహం అంగుళం ఆ విగ్రహానిదే. విష్ణువు లాంటి పెద్ద దేవుళ్లకి ఉత్తమ దశతాళం అనే కొలత, మొత్తం 124 అంగుళాలు, అందులో మెడకి ఇంత, ఎదకి ఇంత, మోకాలికి ఇంత అని శాస్త్రంలో రాసి ఉంటాది. జానెడు విగ్రహమైనా, మనిషి రెండింతలున్నా లెక్క మారదు. నేను షాపుకొచ్చి ఆ రోజు సాయంత్రం కస్టమర్లందరి మొహాలు కొలుస్తా కూర్చున్నా కంటితోనే, నెత్తి నుంచి గడ్డం దాకా తల మొత్తం లెక్కేస్తే మనుషులు దాదాపు ఏడున్నర తలల పొడుగు ఉంటారు.

ఇక శ్రీకాళహస్తి. దీని గురించే అసలు రాయాలనుకున్నా.

కలంకారీ అంటే నాకు కొత్తేం కాదు, నా షాపులోనే కట్టలు కట్టలు ఉంటాయి, 150 రూపాయలకి బ్లౌజు పీసు, బుద్ధుడి మొహం, నెమలి, ఏనుగు, ఆడపిల్ల మొహం. అవన్నీ స్క్రీన్ ప్రింటు, డిజిటల్ ప్రింటు అని కూడా తెలుసు. కాకపోతే చేత్తో వేసింది ఎట్లుంటాదో ఎప్పుడూ చూళ్లేదు, నలభై కిలోమీటర్ల లోపు దూరంలో ఉంటా. దర్శనం చేసుకుని, రాహుకేతు పూజలకి వచ్చిన జనాన్ని దాటుకుని, మా కోడలికి తెలిసిన ఒకాయన ఇంటికి పోయినాం. ఇల్లే వర్క్‌షాపు, ముందర గదే గ్యాలరీ, గోడల నిండా రామాయణం. మహాభారతం వేసిన పెద్ద గుడ్డ ఒకటి దండెం మీద. లైట్లు లేవు, అట్టముక్కలు లేవు. బొమ్మల మధ్యలో తెలుగులో రాసిన పద్యాల గీతలు ఉన్నాయి, కథ ఏందో బొమ్మే చెప్తాది. ఇంట్లోకి పోతానే ముక్కుకి తగిలింది, పులిసిన బెల్లం, పచ్చిపాలు, కరక్కాయ వగరు, అన్నీ కలిసిన వాసన.

పెద్దాయనకి డెబ్బై ఏండ్లు ఉంటాయి, గోర్లన్నీ నల్లగా, ఎర్రగా. "ఏం పని చేస్తావమ్మా నువ్వు?" అని అడిగినాడు. టైలరింగ్ అని చెప్తానే "అట్లయితే నీకు గుడ్డ కాణ్ణించి చెప్పాల" అని మొదలుపెట్టినాడు. ముతక గాడాగుడ్డ, గంజి పోయేదాకా ఉతకాల. కరక్కాయ పొడి, బర్రెపాలు కలిపి అందులో నానబెట్టి పిండి ఎండబెట్టాల. పాలు ఎందుకు సామీ అంటే, పాలల్లో కొవ్వు ఉంటాది కాబట్టి రంగు అటూ ఇటూ పాకకుండా గీసిన కాణ్ణే నిలబడతాదని. చింతబరికెలు కాల్చిన బొగ్గుతో ముందర బొమ్మ రాసుకుంటారు. కలం అంటే వెదురు పుల్ల, కొన సన్నగా చెక్కి, కొంచెం పైన ఉన్నిగుడ్డ చుట్టి దారంతో గట్టిగా కట్టి ఉంటాది, దాన్ని రంగులో ముంచి వేళ్లతో వత్తతా ఉంటే రంగు కొనలోకి దిగతాది.

ఒక గీత గీసి చూపించినాడు. నేను ఆయన చెయ్యి పక్కనే కూర్చున్నా. కుండలో ఉన్న నీళ్లు చూస్తే నల్లగా లేవు, పల్చటి టీ నీళ్లలాగా మడ్డిగా ఉన్నాయి. తుప్పు పట్టిన ఇనుము ముక్కలు, బెల్లం, తాటిబెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టింది, కసిం అంటారు. కలం గుడ్డకి తాకింది, నెమలి మెడ కాడ సన్నగా మొదలై కిందికి వచ్చేకొద్దీ లావై మళ్లీ సన్నబడింది, గీసేటప్పుడు మడ్డి రంగే, నేను చూస్తా ఉండంగానే ఆ తడిగీత నల్లబడిపోయింది. ఇనుమూ కరక్కాయా కలిసేది అప్పుడే, గుడ్డ మీద. అంటే నలుపు కుండలో లేదు, కలంలో లేదు, గుడ్డలో తయారైతాది. చెరపడానికి లేదు. ఒకసారి పడితే పడిందే. మా కోడలు ఫోన్లో వీడియో తీస్తా ఉంది గానీ నాకు ఊపిరి బిగబట్టినట్టు అయిపోయింది, పట్టుగుడ్డకి కత్తెర పెట్టే ముందర నాకు ఎప్పుడూ ఇట్లానే ఉంటాది.

ఎర్ర రంగు ఇంకా తమాషా. ఎర్రగా రావాల్సిన చోటల్లా పటిక నీళ్లు పూస్తారు, అప్పుడు అక్కడ చెప్పుకోదగ్గ రంగేమీ కనపడదు. ఆరబెట్టి, పారే నీళ్లలో ఉతికి, తరవాత ఎరుపు రంగునిచ్చే చెవలికొడి, మంజిష్ట, సురుడు చెక్క వేసి రాగి పాత్రలో ఉడకబెడతారు, పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటాది, మిగతా చోట్ల పట్టినది పేడనీళ్లలో నానబెట్టి ఎండలో ఆరేసి పోగొడతారు. మళ్లీ పాలు, మళ్లీ ఎండ. తరవాతే పసుపుపచ్చ, నీలం, ఆకుపచ్చ. నీలిమందు మీద పసుపు వేస్తే ఆకుపచ్చ. పారే నీళ్లే ఎందుకు అంటే నిలవ నీళ్లలో అయితే ఎక్కువైన పటిక పక్కకి పాకి బొమ్మంతా మరకలైతాది. ముందర స్వర్ణముఖి ఏట్లో ఉతికేవాళ్లంట. "ఇప్పుడు ఏట్లో ఇసకే గానీ నీళ్లు యాడుండాయమ్మా, బోరు వేసుకోని తొట్లు కట్టుకున్నాం" అన్నాడు.

ఈ పని మధ్యలో దాదాపు పోయిందంట. 1957లో, చేతివృత్తులని నిలబెట్టేదానికి పనిచేసిన కమలాదేవి చట్టోపాధ్యాయ పూనుకోవడంతో గవర్నమెంటు వాళ్లు కాళహస్తిలో శిక్షణ కేంద్రం పెడితే, జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు అక్కడ నేర్పించినారు, ఆయన కొడుకు గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు కాళహస్తిలో కలం పట్టే ఇళ్లు ఇన్ని ఉన్నాయంటే ఆ కేంద్రంలో నేర్చుకున్నోళ్లు, వాళ్ల దగ్గర నేర్చుకున్నోళ్లే. పెడన, మచిలీపట్నం కలంకారీ వేరే, అక్కడ కొయ్య అచ్చులతో అద్దుతారు, రెండింటికీ విడివిడిగా జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా చోటి సరుకే అని గవర్నమెంటు ఇచ్చే గుర్తింపు, ఉంది. చానామందికి, నా కస్టమర్లలో అయితే ఒక్కరికి కూడా, ఈ తేడా తెలియదు.

నేను ఆ పెద్ద గుడ్డని ఆయన్ని అడిగి వెనక్కి తిప్పి చూసినా, ఆయన నవ్వినాడు, "నువ్వు టైలరువే" అని. వెనకవైపు కూడా గీత దిగి ఉంది, కొంచెం పలచగా. ప్రింటులో చానావరకు వెనక తెల్లగా ఉంటాది. గీత లావు ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు. పక్కపక్కన ఉన్న నెమళ్లు రెండూ ఒకే మనిషి వేసినా ఒకదానికి ముక్కు కొంచెం పొట్టి. ప్రింటులో తప్పు కూడా రిపీట్ అవుతాది, ఒక ఏనుగు చెవి మీద మరక ఉంటే ప్రతి ఏనుగు చెవి మీదా అక్కడే అదే మరక, బార్డర్ మ్యాచింగ్ చేసేటప్పుడు దాన్నే గుర్తుగా పెట్టుకుంటా నేను.

రేట్లు అడిగినా. పెద్ద గుడ్డ గురించి అడిగే ధైర్యం లేదు, చిన్నవి అడిగినా, నా కొడుకు ఫీజు కట్టాల్సిన నెల కాబట్టి ఒక్కటీ కొనలేదు. చూసి పోతే ఏమన్నా అనుకుంటారేమో అని లోపల గుంజుతా ఉండింది, ఆయన కాఫీ ఇప్పించి పంపించినాడు. వచ్చే దారిలో ఏర్పేడు దగ్గర మాధవమాలలో కొయ్య బొమ్మలు చెక్కే ఇళ్లు కూడా చూసినాం గానీ చీకటిపడింది, సగం చూసి బస్సు పట్టుకున్నాం, దాని గురించి ఇంకోసారి సరిగ్గా పోయినాక రాస్తా.

పోవాలనుకునే వాళ్లకి రెండు ముక్కలు. చంద్రగిరి మ్యూజియం శుక్రవారం ఉండదు. కాళహస్తిలో గుడి చుట్టూ ఉన్న షాపుల్లో ప్రింటు, చేత్తో వేసింది కలిపి పెట్టి ఉంటారు, కలంకారీ వేసేవాళ్ల ఇళ్లకే పోయి అడగండి, పొద్దున పోతే ఎండలో ఆరేసే పని కూడా కనపడతాది, ఫోటో తీసేముందర అడగండి, డిజైన్లు కాపీ అయిపోయి ప్రింటుకి పోతా ఉన్నాయని వాళ్లకి బాధ ఉంది. షోలకి పోతే గీసినోళ్లు అక్కడే ఉంటారు చూడండి, ఓపెనింగ్ రోజు జనం ఎక్కువ, రెండో రోజు మూడో రోజు మధ్యాన్నం పోతే వాళ్లకే ఎవరన్నా వస్తే బాగుండు అని ఉంటాది. పిల్లల్ని తీసకపోవచ్చు, కాకపోతే చేతులు మీరే పట్టుకోవాల.

మొన్న షాపుకి ఒక అమ్మాయి నిజమైన కలంకారీ గుడ్డ తెచ్చింది, వాళ్ల అత్తగారు కాళహస్తి నుంచి తెప్పించిందంట, వీపు మీద వచ్చేటట్టు వేణుగోపాలుడు. తిప్పి చూసినా, ముక్కు దగ్గర పెట్టుకోని వాసన చూసినా, అదే వగరు వాసన. ఆ పిల్లకి బ్యాక్ డీప్ నెక్ కావాల, కింద డోరీ కట్టుకోవాల. డీప్ పెడితే కృష్ణుడి తల కత్తెరలో పోతాది. "డీప్ కుదరదమ్మా, కాలర్ నెక్ అయితే కుడతా, లేదంటే గుడ్డ తీసుకోని పో, నేను మాత్రం దీనికి అక్కడ కత్తెర పెట్టను" అని చెప్పేసినా. మా షాపులో అసిస్టెంటు పిల్ల ఈమెకి ఏమైంది అన్నట్టు చూస్తా ఉంది. ఆ అమ్మాయి రెండు నిమిషాలు ఫోన్లో కాలర్ నెక్ మోడల్స్ వెతుక్కోని, "సరే ఆంటీ, కాలరే పెట్టండి, కానీ బుధవారానికి ఇచ్చేయాల" అనింది.